పాత ఫ్రిజ్‌కీ ఉండాలి ఓ జాతకం!

చేతిలో విద్య ఉంది. మాటలో నిజాయతీ ఉంది. షాపు ముందు నాలుగు ఫ్రిజ్‌లూ రెండు వాషింగ్ మెషీన్లూ ఉన్నాయి. లేనిదల్లా ఒకటే... కాగితం! అది లేకపోతే మంచి మెకానిక్కు కూడా ఏదో ఒకరోజు దొంగసొత్తు కొన్నవాడిలా నిలబడాల్సి రావచ్చు. పాత గృహోపకరణాలను బాగుచేసి అమ్మేవారు రాసుకోవాల్సిన కాగితాలేమిటి? వాటి వెనకున్న చట్టమేం చెబుతోంది?

మార్చి నెల దాటిందంటే నందిగామలో రెండు సంగతులు తప్పవు. వాతావరణ శాఖ ఇచ్చే ఎండల లెక్కల్లో ఊరి పేరు పైకి ఎగబాకుతుంది. రిపేరు షాపుల ముందు పాత ఫ్రిజ్‌లు బారులు తీరతాయి. మెట్ట ప్రాంతపు ఎండ మామూలు ఎండ కాదు. మిర్చి కోతలు ముగించుకుని ఇంటికొచ్చే మనిషికి గ్లాసుడు చల్లని నీళ్లు కావాలి. కొత్త ఫ్రిజ్ కొనాలంటే మామూలుగా పది వేలు దాటుతుంది. అందులో సగానికి పాతది దొరుకుతుందంటే ఎవరికి చేదు?

అలాంటి ఓ షాపునే ఊహించుకోండి. ఓ మెకానిక్. ఆయనకు పేరు పెట్టక్కర్లేదు, నందిగామలోనో జగ్గయ్యపేటలోనో ఏ సెంటర్‌లో చూసినా కనిపించే మనిషే. ఒక సాయంత్రం ట్రాలీ ఆటోలో ఓ కుర్రాడు సింగిల్ డోర్ ఫ్రిజ్ దించాడు.

‘‘అన్నా, ఊరు మారిపోతున్నాం. మూడు వేలిస్తే చాలు’’ అన్నాడు.

మెకానిక్ వెనకాల చెయ్యిపెట్టి చూశాడు. కంప్రెసర్ బాగానే ఉంది. రిలే పోయింది, గ్యాస్ తగ్గింది, తలుపు రబ్బరు చిరిగింది. మూడు వేలూ చేతిలో పెట్టాడు. మరో పదిహేను వందలు ఖర్చుపెట్టి, గ్యాస్ ఎక్కించి, పక్కన గీతలు పడినచోట రంగు కొట్టాడు. వారం తిరక్కుండానే కంచికచర్ల నుంచి వచ్చిన ఒకామె, చీటీ పాడిన డబ్బుతో ఏడు వేలకు కొనుక్కెళ్లింది. ‘‘ఏమైనా అయితే నేనున్నానమ్మా’’ అని మెకానిక్ భరోసా ఇచ్చాడు. ఆమె నమ్మింది. బిల్లు అడగలేదు, ఆయన ఇవ్వలేదు.

ఇరవై రోజుల తర్వాత షాపు ముందు ఇద్దరు దిగారు. ఒకరు కానిస్టేబులు. రెండోవాళ్లు ఆ కుర్రాడు అద్దెకున్న ఇంటి యజమాని. ఫ్రిజ్ ఇంటివాళ్లది!

‘‘ఏమయ్యా, ఎవరమ్మారు నీకు?’’

‘‘ఎవరో కుర్రాడండీ... పేరు గుర్తులేదు.’’

‘‘ఫోన్ నంబరు?’’

‘‘తీసుకోలేదండీ.’’

ఈ మూడు ముక్కల సంభాషణలో మెకానిక్ కష్టమంతా కొట్టుకుపోయింది.

చట్టం ఎవరి వైపు?

ఇది కల్పించిన కథే. కానీ ఇలాంటిది జరిగితే చట్టం ఏం చెబుతుందన్నది మాత్రం కల్పన కాదు.

మన దేశంలో వస్తువుల కొనుగోళ్లకూ అమ్మకాలకూ ఆధారం 1930 నాటి వస్తు విక్రయ చట్టం. అందులో 27వ సెక్షన్ సారాంశం చాలా తేలిక... తనది కానిదాన్ని అమ్మినవాడు, తనకు లేని హక్కుని కొన్నవాడికి ఇవ్వలేడు. కుర్రాడికి ఫ్రిజ్ మీద హక్కు లేదు. కాబట్టి మెకానిక్కి రాలేదు. మెకానిక్కి రాలేదు కాబట్టి కంచికచర్ల ఆమెకీ రాలేదు. చేతులు ఎన్ని మారినా ఫ్రిజ్ ఇంటి యజమానిదే. కొన్ని మినహాయింపులున్నా, ఇలాంటి సందర్భంలో అవి అక్కరకు రావడం కష్టం.

మరి ఆమె ఏడు వేలు? అదే చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం, అమ్మేవాడికి అమ్మే హక్కు ఉండటమనేది ప్రతి అమ్మకంలోనూ చెప్పకుండానే ఇమిడి ఉండే షరతు. ఆ షరతు తప్పింది కనుక ఆమె డబ్బు వాపసు ఇవ్వాల్సింది మెకానిక్కే. ఆయన తన మూడు వేలు కుర్రాడి దగ్గర వసూలు చేసుకోవాలి. ఆ కుర్రాడెవరో తెలిస్తే కదా!

ఇక్కడితో అయిపోతే డబ్బు నష్టమే అనుకోవచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 317వ సెక్షన్ దొంగసొత్తు గురించి మాట్లాడుతుంది. పాత శిక్షాస్మృతిలో ఇది 411వ సెక్షన్. దొంగసొత్తని తెలిసి, లేదా అలా నమ్మడానికి తగిన కారణం ఉండి కూడా దురుద్దేశంతో తీసుకుంటే మూడేళ్ల వరకూ జైలుశిక్ష పడొచ్చు. మెకానిక్కి తెలియదు, నిజమే. కానీ ‘చవగ్గా వచ్చింది, అడ్రసు అడగలేదు, కాగితం రాయించుకోలేదు’ అన్న మూడు మాటలూ కలిస్తే అనుమానం ఎటు తిరుగుతుందో వేరే చెప్పాలా? తన నిజాయతీని చూపించుకోవడానికి ఆయన దగ్గర ఏదో ఒకటి ఉండాలి. ఆ ఏదో ఒకటే కాగితం.

జపాన్‌లో పాత వస్తువుల వ్యాపారానికి 1949 నుంచే ప్రత్యేక చట్టం ఉంది. అక్కడ పాత సామాన్లు కొని అమ్మేవాళ్లు పోలీసు స్టేషన్ ద్వారా అనుమతి తీసుకోవాలి. అమ్మడానికి వచ్చినవారి గుర్తింపు చూసి పుస్తకంలో రాసుకోవాలి. మన మెకానిక్ కూడా ఒక నోటు పుస్తకం పెట్టుకుంటే ఆ రక్షణ చాలావరకూ దొరుకుతుంది.

మొదటి కాగితం... కొనేటప్పుడు

వస్తువు షాపు గడప దాటి లోపలికి వచ్చేటప్పుడే దాని జాతకం రాయాలి. ఎవరి ఇంట్లోంచి వచ్చింది, ఏ కంపెనీ, ఏ మోడల్, సీరియల్ నంబరెంత. ఫ్రిజ్‌కైతే సీరియల్ నంబరు ఉన్న స్టిక్కరు సాధారణంగా లోపలి గోడ మీదో వెనకవైపో ఉంటుంది. వాషింగ్ మెషీన్‌కి వెనక పలక మీదో తలుపు అంచునో, టీవీకి వెనకవైపో కనిపిస్తుంది. స్టిక్కరు పీకేసి ఉందంటే అక్కడే ఒక్క క్షణం ఆగాలి.

రసీదు ఇంగ్లీషులో ఉండక్కర్లేదు. లాయరు భాష అసలే అక్కర్లేదు. ఇలా రాయించుకుంటే సరిపోతుంది:

‘‘ఫలానా ఊరు, ఫలానా వీధిలో ఉంటున్న నేను, ఫలానా కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు గల ఫ్రిజ్‌ను ఈ తేదీన ఇన్ని రూపాయలకు మీకు అమ్మి సొమ్ము ముట్టించుకున్నాను. ఇది నా సొంతం. దీనిమీద ఎవరికీ హక్కు గానీ, వాయిదాల బాకీ గానీ లేదు. ఏదైనా తగాదా వస్తే పూర్తి బాధ్యత నాదే. ఫోన్ నంబరు... సంతకం.’’

ఇందులో ‘వాయిదాల బాకీ’ అన్న ముక్క మరిచిపోకూడదు. ఈ రోజుల్లో చాలా ఇళ్లలో ఫ్రిజ్‌లూ టీవీలూ నెలవారీ కిస్తీల మీద వచ్చినవే. కిస్తీలు తీరకుండానే అమ్మేసేవాళ్లూ ఉంటారు. పాత బిల్లు ఉంటే దాని నకలు జతచేసుకోవాలి. లేకపోతే ‘బిల్లు లేదు’ అని రసీదులోనే రాయించుకోవాలి.

అమ్మినవాళ్లకు ఇచ్చే సొమ్ము ఐదు వేలు దాటితే రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, దానిమీదుగా సంతకం చేయించాలి. గుర్తింపు కార్డు నకలు ఒకటి తీసుకోవాలి. ఆధార్ అయితే చివరి నాలుగు అంకెలే కనిపించే ‘మాస్క్‌డ్ ఆధార్’ చాలు. అన్ని అంకెలూ ఉన్న నకళ్లు షాపులో గుట్టలుగా పడి ఉండటం ఎవరికీ మంచిది కాదు. అన్నిటికన్నా తేలికైన జాగ్రత్త ఇంకోటుంది. డబ్బు నోట్లలో కాకుండా ఫోన్ ద్వారా, అమ్మిన మనిషి సొంత ఖాతాకే పంపడం. ఎవరికి, ఎప్పుడు, ఎంత ఇచ్చిందీ బ్యాంకే రాసిపెడుతుంది.

ఎక్స్‌ఛేంజి ఆఫర్లలో వచ్చిన పాత సామాన్లను పెద్ద షాపుల నుంచి టోకున కొనే మెకానిక్కులు కూడా ఉంటారు. అలాంటప్పుడు ‘పాత ఫ్రిజ్‌లు 10’ అని ఒక్క గీత రాసిచ్చే బిల్లుతో సరిపెట్టుకోకూడదు. ఒక్కోదాని మోడల్, సీరియల్ నంబరు రాయమని అడగాలి.

ఆ బోర్డు కాపాడదు!

చాలా రిపేరు షాపుల గోడల మీద ఓ బోర్డు ఉంటుంది. ‘రిపేరుకిచ్చిన వస్తువులు 30 రోజుల్లో తీసుకెళ్లకపోతే మా బాధ్యత లేదు’. ఏడాది గడుస్తుంది. మిక్సీ మూలన పడి ఉంటుంది, టీవీ మీద దుమ్ము పేరుకుంటుంది. ఫోన్ చేస్తే ‘రేపొస్తా బాబాయ్’ అంటారు. ఆ రేపు రాదు. చివరికి మెకానిక్ విసిగిపోయి, తన రిపేరు డబ్బైనా వస్తుందని దాన్ని ఎవరికో అమ్మేస్తాడు. ఆ మర్నాడే అసలు మనిషి దిగుతాడు!

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 170వ సెక్షన్ మెకానిక్కి ఒక మంచి హక్కునిచ్చింది. పనిచేసి పెట్టినందుకు రావాల్సిన కూలి చేతికందేదాకా ఆ వస్తువుని తన దగ్గరే అట్టిపెట్టుకోవచ్చు. కానీ ఆ హక్కు అట్టిపెట్టుకోవడానికే గానీ అమ్ముకోవడానికి కాదు. తాకట్టు పెట్టించుకున్నవాడికి 176వ సెక్షన్ కింద నోటీసిచ్చి అమ్మే అధికారం ఉంది. రిపేరు చేసినవాడికి ఆ సెక్షన్ వర్తించదు. మరో ముచ్చట... ఏ వస్తువుకి పనిచేశారో ఆ వస్తువునే ఆపగలరు. నిరుడు మిక్సీకి బాకీ పెట్టాడని ఇవాళ తెచ్చిన టీవీని పట్టుకుని కూర్చోవడానికి లేదు.

నమ్మి అప్పగించిన వస్తువుని దురుద్దేశంతో అమ్ముకున్నారని ఫిర్యాదు వస్తే న్యాయ సంహిత 316వ సెక్షన్ దాకా వెళ్లొచ్చు. అంటే నమ్మకద్రోహం కేసు. గోడమీద బోర్డు ఉంది కదా అంటే, కస్టమరు దాన్ని చదివి ఒప్పుకున్నట్టు రుజువేది?

మందు సులువే. వస్తువు తీసుకునేటప్పుడే ‘జాబ్ కార్డు’ రాయాలి. పేరు, అడ్రసు, ఫోన్ నంబరు, వస్తువు వివరాలు, ఉన్న లోపం, అయ్యే ఖర్చు అంచనా. కింద ఈ షరతు ఉండాలి: ‘‘పని పూర్తయిందని తెలియజేసిన తర్వాత 60 రోజుల్లో తీసుకెళ్లకపోతే, నాకు మరో 15 రోజుల గడువుతో నోటీసిచ్చి, ఆపైన వస్తువుని అమ్మి, రిపేరు బాకీ మినహాయించుకుని మిగిలిన సొమ్ము నాకివ్వడానికి ఒప్పుకుంటున్నాను.’’ రోజులు ఎన్నన్నది ఇద్దరి ఇష్టం. కానీ సంతకం మాత్రం కస్టమరుదే ఉండాలి. అప్పుడు అమ్మే అధికారం ఆ ఒప్పందం నుంచి వస్తుంది.

గడువు దాటాక ఫోన్లో మెసేజితో పాటు ఒక ఉత్తరం కూడా పంపాలి. పాత అలవాటుకొద్దీ రిజిస్టర్డ్ పోస్టు అడిగితే ఇప్పుడు దొరకదు. అది 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. స్పీడ్ పోస్టు రసీదు, ఉత్తరం నకలు జాబ్ కార్డుకి గుచ్చి ఉంచాలి. అమ్మాక మిగిలిన డబ్బు లెక్క రాసి పక్కన పెట్టాలి. ఎప్పుడొచ్చి అడిగినా ఇవ్వగలిగేలా ఉండాలి.

అమ్మేటప్పుడు... ముప్ఫై రోజుల సంగతి

ఇక వస్తువు షాపు దాటి బయటికెళ్లే రోజు. ‘పాత సామానుకి బిల్లేంటండీ’ అనేది సాధారణంగా వినిపించే మాట. 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, 2019 మాత్రం అలా అనదు. వస్తువు అమ్మి బిల్లు ఇవ్వకపోవడాన్నే అది అనుచిత వ్యాపార పద్ధతుల జాబితాలో చేర్చింది. పాతదాన్నీ, బాగుచేసినదాన్నీ కొత్తదని చెప్పి అమ్మడం కూడా ఆ జాబితాలోనే ఉంది.

అందులోనే మెకానిక్కులు తప్పక తెలుసుకోవాల్సిన మరో వాక్యముంది. లోపమున్న వస్తువుని వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి బిల్లులో ఏదైనా గడువు రాసి ఉంటే ఆ గడువు వర్తిస్తుంది. ఏమీ రాయకపోతే ముప్ఫై రోజులు! అంటే బిల్లు ఇవ్వకపోతే బాధ్యత తప్పుతుందనుకోవడం భ్రమ. బిల్లు లేని మెకానిక్కి చట్టమే నెల రోజుల గడువు రాసిపెట్టింది. ‘15 రోజులు’ అనో ‘కంప్రెసర్‌కి 3 నెలలు, మిగతావాటికి 15 రోజులు’ అనో ముందే రాసిస్తే ఇద్దరికీ స్పష్టత ఉంటుంది.

బిల్లులో ఇవి ఉంటే చాలు: షాపు పేరు, బిల్లు నంబరు, తేదీ, కొన్నవారి పేరు, ఊరు, వస్తువు కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు, ‘ఇది వాడిన వస్తువు’ అన్న మాట, మార్చిన భాగాలు, ఇంకా మిగిలి ఉన్న లోపాలు, గ్యారంటీ ఎన్ని రోజులు, దేనికి, ధర.

మిగిలి ఉన్న లోపాలు రాయడమంటే బేరం పోగొట్టుకోవడం అనుకుంటారు. నిజానికి అదే మెకానిక్‌ని కాపాడే గీత. ‘డీప్‌ఫ్రిజ్ తలుపు విరిగి ఉంది, కొన్నవారికి చూపించాం’ అని రాస్తే రేపు ఆ తలుపు గురించి గొడవ రాదు. దాచిపెడితే మాత్రం చిన్న లోపమే పెద్ద మోసంలా కనిపిస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్ని ఇళ్లు మునిగాయో చూశాం. నీళ్లలో నానిన ఫ్రిజ్‌ని ఆరబెట్టి, తుడిచి, రంగేస్తే పైకి తేడా తెలియదు. లోపల వైర్లకూ మోటారుకూ తెలుస్తుంది. కొన్నవారికి షాక్ కొడితే అది గ్యారంటీ తగాదాగా ఆగదు. అలాంటి వస్తువైతే ఎర్తింగ్, ఇన్సులేషన్ పరీక్షించాకే బేరం పెట్టాలి, నీట మునిగిందన్న సంగతి బిల్లులో రాయాలి.

ఫ్రిజ్‌లో ఏ గ్యాస్ ఉందో రాయడం కూడా మంచి అలవాటు. కొత్తతరం ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండే ఆర్-600ఎ మండే గుణమున్న గ్యాస్. తర్వాత ఇంకో మెకానిక్ దాన్ని విప్పి వెల్డింగ్ మంట పెట్టేముందు ఆ ఒక్క గీత ఆయన ప్రాణాన్నే కాపాడొచ్చు.

కొన్నవారికి అన్యాయం జరిగితే వాళ్లు తాముండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌కే వెళ్లొచ్చు. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాలు 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి కనుక విజయవాడే దిక్కు. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు. రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. ముందు మాట్లాడుకుని తేల్చుకోవాలనుకుంటే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915.

షాపుకి కావాల్సినవి

ఇప్పటిదాకా చెప్పినవి వస్తువుకి కాగితాలు. షాపుకి కూడా కొన్నుండాలి.

ఒకటి, మున్సిపాలిటీ ఇచ్చే ట్రేడ్ లైసెన్సు. పల్లెటూళ్లో అయితే పంచాయతీలో అడగాలి. రెండు, ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం-1988 కింద కార్మిక శాఖలో నమోదు. ఈ నిబంధనల్లో ఎప్పటికప్పుడు సడలింపులు వస్తుంటాయి. కాబట్టి మీ షాపుకి ఏది వర్తిస్తుందో స్థానిక సహాయ కార్మిక అధికారి దగ్గర ఓసారి కనుక్కోవడం మేలు.

మూడోది ఉద్యమ్ నమోదు. ఆధార్ నంబరుతో ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. ప్రభుత్వ వెబ్‌సైటులో దీనికి పైసా ఖర్చు లేదు. ఎవరైనా ‘ఫీజు కట్టాలి’ అంటే అది వాళ్ల చేతి ఖర్చే. బ్యాంకు రుణానికి పనికొస్తుందని చాలామందికి తెలుసు. అంతగా తెలియని ప్రయోజనం ఇంకోటుంది.

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లో ‘రీఫర్బిషర్’ అనే మాట ఉంది. వాడిన ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ పరికరాన్ని బాగుచేసి, దాని ఆయుష్షు పొడిగించి, తిరిగి మార్కెట్లో అమ్మేవారని దానర్థం. అచ్చంగా మన మెకానిక్కే! ఇలాంటివారు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. అయితే సూక్ష్మ సంస్థలకు ఈ నిబంధనల నుంచి మినహాయింపు ఉంది. 2025 ఏప్రిల్ 1 నుంచి యంత్రాలూ పరికరాల మీద పెట్టుబడి రెండున్నర కోట్లు, వార్షిక టర్నోవరు పది కోట్లు దాటనిదే సూక్ష్మ సంస్థ. ఒక షట్టరు కింద నడిచే షాపు అందులోనే పడుతుంది. ‘మాది సూక్ష్మ సంస్థ’ అని చూపించే కాగితమే ఉద్యమ్ సర్టిఫికెట్.

మినహాయింపు ఉంది కదా అని బాగుకాని ఫ్రిజ్‌లో గ్యాస్ గాల్లోకి వదిలేయడం, రాగి కోసం వైర్లు కాల్చడం తగదు. విడిభాగాలు తీసుకోగా మిగిలినదాన్ని అనుమతి ఉన్న రీసైక్లర్‌కి చేరే దారిలో పంపి, రసీదు తీసుకోవాలి.

గరికపాడు అటూ ఇటూ...

ఇక జీఎస్టీ. ఈ పేరు వింటేనే చిన్న మెకానిక్కులు కంగారు పడతారు. అంత అక్కర్లేదు గానీ, లెక్క మాత్రం తెలిసుండాలి.

వస్తువుల అమ్మకం ఒక్కటే చేసేవారికి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది టర్నోవరు 40 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్. ‘మరింకేం, మనం దానికి ఎక్కడో కింద ఉన్నాం’ అనుకోకండి. అమ్మకంతో పాటు రిపేరు పని కూడా చేస్తే అది సేవ కిందికొస్తుంది. అప్పుడు పరిమితి 20 లక్షలు. అంటే నెలకు సగటున లక్షా అరవై ఆరు వేలు. ఇది లాభం కాదు, మొత్తం రాబడి. ఎండాకాలంలో వ్యాపారం బాగా సాగే షాపులు ఈ గీతని గమనించుకుంటూ ఉండాలి.

జగ్గయ్యపేట వాళ్లకు మరో మెలిక. గరికపాడు దాటితే తెలంగాణ, ఆపైన కోదాడ. అక్కడ వస్తువులు అమ్మేవారికి కూడా పరిమితి 20 లక్షలే. అంతేకాదు, ఇక్కడి షాపు నుంచి సరిహద్దు అవతలి కస్టమరుకి ఫ్రిజ్ పంపితే అది అంతర్రాష్ట్ర అమ్మకం. దానికి 20, 40 లక్షల లెక్కలు పనిచేయవు. మొదటి అమ్మకం నుంచే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కూతవేటు దూరమే కదా అని ఆటోలో ఎక్కించి పంపేవాళ్లు ఈ సంగతి ఆడిటర్‌ని అడిగి తెలుసుకోవాలి.

రిజిస్ట్రేషన్ ఉన్న షాపులకు ఓ వెసులుబాటు ఉంది. పాత వస్తువులు కొని, స్వభావం మారకుండా చిన్నచిన్న మరమ్మతులతో అమ్మేవారు కొన్న ధరకూ అమ్మిన ధరకూ ఉన్న తేడా మీదే పన్ను కట్టొచ్చు. కొన్నప్పటి పన్నును వెనక్కి కోరకూడదన్నది షరతు. ఉదాహరణకు 4,000కు కొన్న ఫ్రిజ్‌ని 7,000కు అమ్మారనుకుందాం. 18 శాతం చొప్పున మొత్తం ధర మీదైతే పన్ను 1,260. తేడా మూడు వేల మీదైతే 540. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్లకు ఈ 18 శాతమే ఉంది. 28 శాతంలో ఉండే ఏసీలూ పెద్ద టీవీలూ 2025 సెప్టెంబరు 22 నుంచి 18కి దిగాయి. ఒక్కటి గుర్తుంచుకోవాలి. రిలేకీ రబ్బరుకీ పెట్టిన ఖర్చుని ఈ తేడాలోంచి తీసేయడానికి లేదు.

మరి నాలుగు వేలకే కొన్నామని చూపించేదెలా? మళ్లీ అక్కడికే వచ్చాం. మొదటి రోజు రాయించుకున్న ఆ రసీదే ఆధారం. అది లేకపోతే పోలీసు దగ్గరే కాదు, పన్ను లెక్క దగ్గర కూడా ఇబ్బందే.

రిజిస్ట్రేషన్ లేనివారు మామూలు బిల్లు ఇవ్వొచ్చు. కానీ అందులో జీఎస్టీ పేరిట రూపాయి కూడా వసూలు చేయకూడదు.

మీరు కొనేవారైతే...

పాత వస్తువు కొనడం తప్పు కాదు. సమర్థుడైన మెకానిక్ చేతిలో పడిన పాత వాషింగ్ మెషీన్ మరో ఐదేళ్లు తిరుగుతుంది. 2022 డిసెంబరు 24న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ మొదలుపెట్టింది కూడా పారేయడం తగ్గి, బాగుచేసుకోవడం పెరగాలనే. కొనేముందు మాత్రం ఇవి చూసుకోండి.

- ఫ్రిజ్‌ని కనీసం రెండు గంటలు నడిపించి చూడండి. ఐసు కట్టడం మొదలైందా, మోటారు ఆగి ఆగి తిరుగుతోందా గమనించండి.
- సీరియల్ నంబరు స్టిక్కరు ఉందా? బిల్లులో రాసిన నంబరు, స్టిక్కరు మీది నంబరు ఒకటేనా?
- ‘ఎవరి దగ్గర కొన్నారు, రసీదుందా’ అని మొహమాటపడకుండా అడగండి. మంచి షాపువాడు నొచ్చుకోడు.
- స్టార్ రేటింగ్ పక్కన ఏడాది చూడండి. ప్రమాణాలు కాలంతో పాటు పెరుగుతాయి కనుక పదేళ్లనాటి ఐదు నక్షత్రాలు ఇవాళ్టి ఐదు నక్షత్రాలతో సమానం కాదు.
- గ్యారంటీ నోటిమాటగా వద్దు, బిల్లు మీద రాయించుకోండి.

చిక్కు ముదిరి లాయరు అవసరం పడితే, ఖర్చు భరించలేనివారికి న్యాయసేవాధికార సంస్థ ఉంది. మహిళలకూ, ఎస్సీ, ఎస్టీలకూ, ఆదాయ పరిమితికి లోబడినవారికీ ఉచితంగా సాయం చేస్తుంది. ఫోన్ నంబరు 15100.

అదే కథ... మరోలా!

మళ్లీ మన మెకానిక్ దగ్గరికి వద్దాం. అదే సాయంత్రం, అదే ట్రాలీ ఆటో, అదే కుర్రాడు.

‘‘మూడు వేలు చాలన్నా.’’

‘‘ఇస్తాను తమ్ముడూ. ఇక్కడ పేరూ అడ్రసూ రాసి సంతకం పెట్టు. కార్డు నకలు ఒకటివ్వు. డబ్బు నీ ఫోన్‌కే పంపిస్తా.’’

ఆ మాటతో సగం మంది దొంగలు ‘ఇప్పుడే వస్తా’ అని ఆటో ఎక్కేస్తారు. అప్పుడు ఆ ఫ్రిజ్ షాపులోకే రాదు, కంచికచర్ల ఆమె చీటీ డబ్బుకి ముప్పూ రాదు. ఒకవేళ కుర్రాడు ధైర్యంగా సంతకం పెట్టేసినా, ఇరవై రోజుల తర్వాత కానిస్టేబులు వచ్చినప్పుడు మెకానిక్ తడుముకోడు. పుస్తకం తీసి ముందు పెడతాడు. ఫ్రిజ్ ఇంటి యజమానికి వెళ్లిపోతుంది, అది తప్పదు. ఆమె ఏడు వేలు ఆమెకు తిరిగివ్వాలి, అదీ తప్పదు. కానీ కుర్రాడి పేరు, ఫోన్, సంతకం, సొమ్ము చేరిన ఖాతా... అన్నీ పోలీసుల చేతిలో ఉంటాయి. ఆ కేసులో మెకానిక్ సాక్షి అవుతాడు. రాత్రికి ఇంటికెళ్లి అన్నం తింటాడు.

ఆ తేడాకి అయ్యే ఖర్చు ఒక నోటు పుస్తకం, ఒక బిల్లు పుస్తకం, బేరానికి ఓ పది నిమిషాలు. ఈ వేసవికి షాపు ముందు తొలి ఫ్రిజ్ దిగకముందే కొనిపెట్టుకుంటే సరి!